పొయ్యి వైపు తిరిగి అనే మాట

నలభై ఆరేళ్ల వయసులో స్పానిష్ నేర్చుకోవాలని నాకేమీ సరదా పుట్టలేదు. మా ఆఫీసులో పరాయి దేశాల ఆసుపత్రుల బిల్లులు చూస్తాం. ఇన్నాళ్లూ అన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి. కిందటేడు నుంచి స్పానిష్ మాట్లాడే దేశాల కాగితాలు కూడా రావడం మొదలైంది. ఆ భాష కాస్త వచ్చినవాళ్లని ఆ పనిలోకి తీసుకుంటామని మీటింగులో చెప్పారు. రానివాళ్లని ఏం చేస్తారో చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ ఆదివారమే వెళ్లి రెజిమెంటల్ బజార్‌లో ఒక సూట్‌కేసుల దుకాణం పై గదిలో నడిచే క్లాసులో చేరిపోయాను.

క్లాసులో అందరూ మా అమ్మాయి ఈడువాళ్లు. పాఠం చెప్పే అమ్మాయి వాళ్లకంటే ఓ నాలుగేళ్లు పెద్దదేమో. పిల్లలందరూ నన్ను ఆంటీ అనేవారు, టీచరు మాత్రం మేడమ్ అనేది. నేనూ ఆమెను మేడమ్ అనేదాన్ని. మేమిద్దరం ఇలా మేడమ్ మేడమ్ అనుకుంటుంటే వెనక బెంచీవాళ్లు నవ్వుకునేవారు. వాళ్లు నవ్వినందుకు నాకేమీ అనిపించలేదు. నా బుర్ర సంగతికే సిగ్గేసేది. వాళ్లు ఒక్కసారి విని పట్టేసిన ముక్క నేను వారమంతా రుబ్బితే గానీ ఎక్కేది కాదు.

అన్నిటికంటే ఎక్కనిది విశేషణం. తెలుగులో విశేషణానికి ఉన్నంత సుఖం ఎవరికీ లేదు. ఎర్ర అన్నామంటే అంతే. పక్కన చీర వచ్చినా, నాలుగు చీరలు వచ్చినా, చొక్కా వచ్చినా దాని మానాన అది ఉంటుంది. స్పానిష్‌లో అలా కుదరదు. అక్కడ వస్తువు ముందు నడుస్తుంది, రంగు దాని వెనక నడుస్తుంది. పైగా ముందున్నది ఆడదో మగదో, ఒకటో పదో చూసుకుని ఈ వెనకున్నది వేషం మార్చుకోవాలి. బ్లూసా అంటే రవిక, అది ఆడది. ఎర్ర రవిక అంటే బ్లూసా రోహా. రవికలు ఎక్కువైతే బ్లూసాస్ రోహాస్. అదే మగ వస్తువైతే రోహో. మళ్లీ ఆకుపచ్చకు ఆడా మగా తేడా లేదట, ఎవరి పక్కనైనా వెర్దేనే. నేను తేడా ఉన్నచోట మరిచిపోయి, లేనిచోట పెట్టేదాన్ని.

ఇంట్లో దీన్ని నాకు నేర్పింది మా వదిన. అంటే మా ఆయన అక్క. ఆమెకు స్పానిష్ రాదు, చెవులూ వినబడవు.

చిన్నప్పుడు పెద్ద జ్వరమొచ్చి తగ్గాక వినికిడి పోయిందట. డాక్టర్ల దగ్గరికి తిప్పారు, వాళ్ల నాయనమ్మ మౌలాలి గుట్ట ఎక్కించి దర్గాలో దారం కట్టించింది. ఏదీ పనిచేయలేదు. అప్పటికే మాటలొచ్చిన పిల్ల కాబట్టి మాట మిగిలింది. తన గొంతు తనకు వినబడదు కనుక ఏం చెప్పినా ఒకే ఎత్తులో, గట్టిగా చెబుతుంది. రహస్యం చెప్పినా పక్కింటికి వినబడాల్సిందే. ఎదుటివాళ్ల మాటలు మాత్రం పెదవులు చూసి పట్టేస్తుంది. లాలాగూడలో మా ఇంటి ముందు గది ఆమె కుట్టు మిషిన్‌ది. రైల్వే క్వార్టర్స్ ఆడవాళ్లలో సగంమంది రవికలు ఆ గదిలోనే తయారవుతాయి.

ఒకరోజు నేను అద్దం ముందు నిలబడి నోరు సాగదీసి చదువుకుంటుంటే వెనక నుంచి చూసి పడీ పడీ నవ్వింది. ఏం చదువుతున్నావని అడిగింది. చెప్పాను. రంగులా? అయితే ఇటు రా అని చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్లింది. నేల మీద రవిక ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. ఒక్కో ముక్కా తీసి నా మొహం ముందు ఆడించేది, నేను దాని పేరు చెప్పాలి. ఎరుపు, పసుపు, తెలుపు. ఒకటి చూపిస్తే ఒకలా, రెండు చూపిస్తే ఇంకోలా. కాసేపటికి నా పెదవుల మీద ఏ రంగుకు ఏ ఆకారం వస్తుందో ఆమెకు అర్థమైపోయింది. రెండు ముక్కలు చూపించినప్పుడు నేను చివర స మింగేస్తే, నోరు మూసుకునే తీరు చూసి తప్పని పట్టేసేది. ముక్కలు మళ్లీ ఆడించేది.

రెండో వారానికి ఆ ఆటలో బ్లూసా అనే మాట రాలిపోయింది. ఇద్దరం రవికల గుట్ట ముందే కూర్చున్నాక ప్రతిసారీ రవిక రవిక అనడం ఎందుకు? లా రోహా అంటే చాలు, ఎర్రది అని. లా వెర్దే అంటే పచ్చది. క్లాసులో తర్వాతి పాఠం సరిగ్గా ఇదే వచ్చింది. దేని గురించి మాట్లాడుతున్నామో అందరికీ తెలిసినప్పుడు అసలు వస్తువును వదిలేసి దాని గుణాన్నే పేరుగా వాడుకోవచ్చని టీచరు చెప్పింది. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. నాకు ముందే వచ్చని చెయ్యెత్తి నాలుగు ఉదాహరణలు చెప్పాను. ఆ క్లాసులో నేను చెయ్యెత్తడం అదే మొదలు. ఇంటికొచ్చి వదినకు చెబితే, నేనే గెలిచినట్టు కాదు, తనే గెలిచినట్టు మురిసిపోయింది.

ఇంతవరకూ చెప్పుకోవడానికి బాగానే ఉంది. ఇక చెప్పాల్సిన మా ఇంటి అలవాటు ఒకటుంది.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చింది విజయనగరం వైపు నుంచి వచ్చి మల్కాజిగిరిలో స్థిరపడిన ఇంటినుంచి. రెండిళ్లూ ఉండేది ఒకే ఊళ్లో అయినా మా మాట వేరు, వీళ్ల మాట వేరు. వచ్చిన కొత్తలో నేనేదన్నా వదినకు అందేది కాదు. ఆమె పెదవుల మీద చదవడం నేర్చుకుంది ఏంది, వస్తున్న, చేస్తా లాంటి మాటలు. నేను ఏటి, వస్తన్నానండి అంటే నా నోటికేసి చూసి చూసి విసుక్కునేది. అద్దం ముందు నిలబడి వీళ్ల మాట నేర్చుకున్నది అప్పుడే. ఆమె కోసమే నేర్చుకున్నాను, అది అబద్ధం కాదు. కొన్నాళ్లకు ఇంట్లో అందరికంటే నా మాటే ఆమెకు తొందరగా అందేది. పెళ్లిళ్లకు వెళితే నా పక్కనే కూర్చునేది. ఎవరేం మాట్లాడుతున్నారో నేను పెదవులు కదిపి చెబుతుంటే అందరితో పాటు నవ్వేది. అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా, అంతే.

ఇంట్లో అప్పటికి మా అత్తగారు ఉన్నారు. కూతురి మీద ప్రాణం. అయినా ఆమె కూతురిని పేరుతో పిలవగా నేను వినలేదు. చెవిటిదానికి అన్నం పెట్టినవా, చెవిటిదాని మందులు తెచ్చినవా అనేవారు. మా ఆయనా అంతే, చుట్టాలూ అంతే. నాకు మొదట ఒళ్లు మండింది. ఒకసారి వదిన అక్కడ ఉండగానే ఎవరో మొహం అటు తిప్పుకుని ఆ మాట అంటే నేను మొహం మాడ్చుకున్నాను. అది చూసి అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా నచ్చజెప్పారు. ఆవిడ దృష్టిలో మొరటు మనిషిని నేనే, ఆ మాట అన్నవాళ్లు కాదు.

"దాని ముందట ఎవ్వరం అనం బిడ్డా. పెదవులు చూస్తది గదా, నొచ్చుకుంటది. అనాల్నంటే గిట్ల పొయ్యి దిక్కు తిరిగి అనాలె."

అదీ అలవాటు. మా ఇంట్లో వదిన గురించి ఏం మాట్లాడాలన్నా పొయ్యి వైపు తిరుగుతారు. ముందు గదిలో ఉంటే గోడ వైపు, బండి మీద ఉంటే రోడ్డు వైపు. ఆ మాట అనకుండా ఉండటం ఎవరికీ తోచలేదు, ఆమెకు కనబడకుండా అనడమే మర్యాద అనుకున్నారు. నేను మొదట్లో తిరిగేదాన్ని కాదు, అనేదాన్నీ కాదు. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. బహుశా కొరియరువాళ్లతోనే కావచ్చు. బెల్లు కొడితే లాభం లేదు బాబూ, ఇంట్లో ఉన్నది చెవిటిది, ఫోన్ చెయ్యి అని చెప్పడం తేలిక. మా ఆడపడుచుగారు ఉంటారు, ఆవిడకు కాస్త వినబడదు అని చెప్పేలోపు వాళ్లు పెట్టేస్తారు. అలా ఫోనులో మొదలై మా అమ్మతో మాటల్లోకి, అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చింది. అత్తగారు పోయాక ఆ ఇంట్లో ఆ మాట ఎక్కువ వాడింది నేనే అయ్యుంటాను. వంట చేసేది నేనే కదా, పొయ్యి వైపు మొహం ఉండేదీ నాదే.

వదినకు ఈ అలవాటు తెలియదని అందరూ అనుకునేవారు. ఒకరోజు నేను వంటింట్లో ఉంటే ముందు గదిలో ఎవరో రవిక కొలతలు ఇవ్వడానికి వచ్చారు. వదిన తన మామూలు గొంతుతోనే ఆమెతో చెబుతోంది. తన గొంతు ఎంత దూరం పోతుందో ఆమెకు తెలియదు కాబట్టి నాకు ప్రతి ముక్కా వినబడింది.

"అందరు నన్ను చెవిటిదే అంటరు. అటు తిరిగి అంటే నాకు తెల్వదనుకుంటరు. మెడ తిరిగిందంటేనే నాకు ఎరుక. మా తమ్ముని పెండ్లాం ఒక్కతే అనది. ఆమె నోట్లకెల్లి వదినా తప్ప ఇంకో మాట రాదు."

గరిటె చేతిలోనే ఉండిపోయింది. అప్పటికి పొద్దున్నే ఫోనులో మా అమ్మతో ఆ మాట రెండుసార్లు అని ఉన్నాను. వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇక మీదట అనకూడదు అనుకున్నాను. కొన్నాళ్లు అనలేదు కూడా. తర్వాత మళ్లీ మామూలే. ఆమె దృష్టిలో నేను మంచిదాన్ని, అలా ఉండటం నాకు ఇష్టం, దానికోసం ఒక్క మాట మానుకోలేకపోయాను. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ పాఠం అయ్యాక టీచరు ఇంటిపని ఇచ్చింది. ఎవరి కుటుంబాన్ని వాళ్లు స్పానిష్‌లో పరిచయం చేస్తూ చిన్న వీడియో తీసుకురావాలి. కొత్తగా నేర్చుకున్నది అందులో వాడాలి, అంటే మనిషి అనే మాట లేకుండా గుణంతోనే మనిషిని చెప్పాలి. ఆ దేశాల్లో ఇంట్లోవాళ్లని లావువాడా, బక్కదానా అని ముద్దుగా పిలుచుకుంటారట, ఎవరూ ఏమీ అనుకోరట. ఆ సంగతి విని పిల్లలు ఒకరినొకరు గోర్దో అని ఏడిపించుకున్నారు. గోర్దో అంటే లావువాడు.

వీడియో తీస్తానంటే ఇంట్లో అందరికంటే సంబరపడింది వదినే. మంచి చీర ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. తను మిషిన్ దగ్గర కూర్చుని కుడుతున్నట్టు రావాలంది. నా మొహం మీద వెలుతురు పడేలా కుర్చీ తనే జరిపింది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుంది. ముందు నన్ను నేను పరిచయం చేసుకున్నాను, పూర్తి పేరుతో, ఉద్యోగంతో, సర్వీసుతో సహా. తర్వాత మా ఆయన్ని చూపించి మి గోర్దో అన్నాను, మా అమ్మాయిని మి ఫ్లాకా, అంటే బక్కది అన్నాను. చివరికి వెనక్కి చెయ్యి చూపించి, లా సోర్దా దె లా కాసా అన్నాను. అంటే మా ఇంటి చెవిటిది.

మొహం తిప్పకుండా అన్నాను. తిప్పాలని గుర్తే రాలేదు. ఆ భాష ఆ ఇంట్లో ఎవరికీ రాదు, పెదవులు చూసినా ఎవరికీ అర్థం కాదు. ఇన్నేళ్లూ పొయ్యి చేసిన పని ఆ రోజు స్పానిష్ చేసింది. వెనక వదిన నవ్వుతూ చక్రం తిప్పుతోంది. తన వంతు వచ్చిందని నా చెయ్యి చూసి తెలుసుకుని తలెత్తి, ఫోన్‌కి నమస్కారం పెట్టింది.

ఆదివారం క్లాసులో అందరి వీడియోలూ గోడ మీద వేశారు. నాదానికి చప్పట్లు కొట్టారు. వాక్యాలన్నీ సరిగ్గా ఉన్నాయని, ఆడ మగ తేడాలు ఒక్కటీ పోలేదని టీచరు మెచ్చుకుంది. ఆ చీరలో ఉన్నావిడ ఎవరు, చాలా బాగున్నారు అంది. మా వదిన అన్నాను. ఇలా చెప్పుకోవడం సిగ్గుచేటే గానీ, అప్పుడు మాత్రం నాకు గర్వంగానే ఉంది. మెట్లు దిగుతూ కింద దుకాణంలో సూట్‌కేసు బేరం కూడా చేశాను, కొనే పని లేకపోయినా.

వీడియోలో తను ఉంది కదా, వదిన దాన్ని తన ఫోన్‌కి పంపమని మా అమ్మాయినడిగింది. అది పంపింది. వదిన ఏ వీడియో చూసినా కింద అక్షరాలు ఉండాల్సిందే. ఏ భాషలో మాట్లాడినా కింద తెలుగులో రాసి చూపించే ఏర్పాటేదో ఆమె ఫోన్‌లో ఉంది. మా అమ్మాయే పెట్టిచ్చింది. వార్తలు, వంటలు, అరవ సీరియళ్లు అన్నీ ఆమె అలాగే చూస్తుంది. ఇది మాకందరికీ తెలిసిన సంగతే. ఆమె ఫోన్‌లో నా నోటికి కూడా అక్షరాలు వస్తాయని మాత్రం నాకు తట్టలేదు.

నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. వదిన వచ్చి ఫోన్ నా మొహం ముందు పెట్టింది. నేను చెయ్యి చూపించిన చోట ఆపి ఉంది. ఆమె నమస్కారం పెడుతూ నవ్వుతోంది. దాని కింద తెలుగులో ఉంది, ఇంటి చెవిటిది అని.

"గిదేంది పిల్లా?" అంది. కోపంగా అనలేదు. కొత్త బట్టలో చిరుగు కనిపించినప్పుడు దుకాణంవాణ్ణి అడిగినట్టు అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఆలస్యం చేయలేదు. నీళ్లు నమలడం గానీ తడబడటం గానీ లేదు. ఆమె పెదవులు చూస్తుందని తెలుసు కనుక స్పష్టంగా, నెమ్మదిగా, ఆమెకు నచ్చే పద్ధతిలోనే చెప్పాను. ఫోన్ల మిషిన్ తప్పు రాసింది వదినా, నేను మా వదిన అనే అన్న అని.

ఆమె కాసేపు నా నోటికేసి చూసింది. తర్వాత ఫోన్‌కేసి చూసింది. "గట్లనా," అని నవ్వి, నా చేతిలోంచి కత్తి తీసుకుని మిగతా ఉల్లిపాయలు తనే తరిగింది. నా కళ్లలో నీళ్లు ఉల్లిపాయవనుకుంది.

ఆ రాత్రి మా ఆయనకు చెబితే మంచి పని చేశావన్నాడు. చెవిటిదానికెట్ల ఎరుకైతది అన్నాడు. మాట్లాడుతున్నది నాతో మాత్రమే, వదిన పక్క గదిలో నిద్రపోతోంది. అయినా ఆ మాట అంటున్నప్పుడు అతని మెడ అలవాటు చొప్పున కిటికీ వైపు తిరిగింది. చూసి నాకు అతని మీద కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపమది, అతని మీద రావడం తేలిక కనుక వచ్చింది.

అబద్ధం అక్కడితో ఆగితే నేను ఇదంతా రాసేదాన్ని కాదేమో. వదిన ఆ వీడియోను అందరికీ చూపించడం మొదలుపెట్టింది. రవిక ఇవ్వడానికి వచ్చినవాళ్లకి, తీసుకుపోవడానికి వచ్చినవాళ్లకి, పాలు పోసే ఆమెకి. మా మరదలు ఏదో దేశం భాష మాట్లాడుతుంది చూడండి, వెనక నేనే అని చూపించేది. ఆ చోటు రాగానే ఆపి, కింద అక్షరాలు వేలితో కొట్టి, మిషిన్ తప్పు రాసింది, మా మరదలు వదినా అనే అన్నది అని వాళ్లకు చెప్పేది. వాళ్లు అడగకపోయినా చెప్పేది. నేను ఇంట్లో ఉంటే పిలిచి పక్కన నిలబెట్టుకునేది. నేను తలూపాలి. ఊపేదాన్ని. వచ్చినవాళ్లలో ఆ మాట ఆమె వెనక అననివాళ్లు ఎవరూ లేరు, వాళ్లు నన్ను చూసి కొంచెం నవ్వేవారు. వాళ్ల మొహం చూడలేక గోడ గడియారం చూసేదాన్ని.

క్లాసు మానేద్దామనిపించింది. మానేస్తే ఆఫీసులో ఏమవుతుందో తెలుసు, అందుకని వెళ్లాను. కానీ ఇక చెయ్యెత్తలేదు. టీచరు ఏదైనా అడిగితే పూర్తిగా వస్తువు పేరుతో సహా చెప్పేదాన్ని. ఎర్ర రవిక, పొడుగు మనిషి, ముసలి ఆవిడ. పేరు వదిలేసి చెప్పండి మేడమ్, అది మీకు బాగా వచ్చు కదా అని ఆమె అంటే, రాదన్నాను. ఇంట్లో రవిక ముక్కల ఆట కూడా ఏదో వంక పెట్టి మానేశాను. వదిన ముక్కలు గుట్ట పోసి పిలిచేది, నేను తలనొప్పి అనేదాన్ని. తలకు నూనె రాస్తానని వచ్చేది. ఆమె వేళ్లు నా తలలో ఉన్నంతసేపూ కళ్లు మూసుకుని, ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకునేదాన్ని. వెనక కూర్చుని ఉంది కదా, నా పెదవులు ఆమెకు కనబడవు. అందుకని అప్పుడు కుదరదు అనుకునేదాన్ని. ఎంత మంచి వంకో చూడండి.

మా వెనక వీధిలో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకావిడ ఉంది. వర్క్‌షాపు లెక్కలన్నీ చూసిన మనిషి, దేన్నీ ఊరికే వదిలిపెట్టదు. శనివారం మధ్యాహ్నం ఆమె మనవరాలి ఫంక్షన్‌కి రవిక తీసుకోవడానికి వచ్చింది. నాకు సెలవు. వదిన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చింది. నన్ను కేకేసింది. వెళ్లి నా చోట్లో నిలబడ్డాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ చూసింది. మా ఆయన దగ్గర నవ్వింది. మా అమ్మాయి దగ్గర నవ్వింది. చివర వదిన ఆపి తన మాట చెప్పింది, మిషిన్ తప్పు రాసిందని. ఆమె తలూపలేదు. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. తర్వాత వదినకు తెలిసేలా మొహం ఎత్తి, పెదవులు బాగా కదిలిస్తూ అడిగింది. అందరిలా అటు తిరగలేదు. పాపం, ఆమెకు వేరే ఉద్దేశం ఏమీ లేదు, లెక్క కుదరలేదంతే.

"తమ్మున్ని లావువాడని కరెక్టే రాసింది. పిల్లను సన్నదని కరెక్టే రాసింది. నీ కాడికొచ్చే సరికే ఎట్ల తప్పు రాసిందమ్మా?"

 వదిన ఆమెవైపు చూడలేదు. నావైపు తిరిగి నా నోటికేసి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చుని, వాళ్లేమంటున్నరు అని అడగకుండా అడిగేది అలాగే. నేను ఏది చెబితే అదే అక్కడ జరిగినట్టు ఆమెకు. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట మిషిన్‌కి రాదు వదినా అంటే సరిపోయేది. నమ్మేది కూడా. నమ్ముతుందని తెలిశాకే ఇక అనలేకపోయాను.

"మిషిన్ తప్పు రాయలే వదినా," అన్నాను. "నేనే అన్న."

రిటైరైన ఆవిడ ఫోన్ మెల్లగా కుట్టు మిషిన్ మీద పెట్టేసింది. రవిక కవర్లో పెట్టుకుంటున్నట్టు తల దించుకుంది. లోపల గదిలో టీవీ చూస్తున్న మా ఆయన దాని గొంతు తగ్గించాడు.

వదిన మొహంలో ఏ మార్పూ లేదు. ముందుకు వంగి, తన ఎప్పటి గొంతుతో, వీధిలోకి వినబడేంత గట్టిగా అడిగింది.

"ఏందీ? నాకు తెల్వలే. జెర మెల్లగ చెప్పు."

వచ్చిన కొత్తలో తప్ప ఇన్నేళ్లలో నా మాట ఆమె రెండోసారి అడిగింది లేదు. ఇంట్లో అందరికీ తెలుసు, నేను చీకట్లో పెదవి కదిపినా ఆమెకు అందుతుంది. మొదటిసారే అందిందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. లోపలి నుంచి మా ఆయన గడప దాకా వచ్చి నిలబడ్డాడు. మా అమ్మాయి కూడా వచ్చింది. ఆ రిటైరైన ఆవిడ లేచి వెళ్లలేక, కూర్చోలేక కవరు పట్టుకుని ఉంది.

వదినకు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. వెలుతురు నా మొహం మీద పడుతోంది.

"అంట వదినా," అన్నాను, ఒక్కో మాటకూ నోరు పూర్తిగా తెరిచి. "నిన్ను చెవిటిది అంట. ఆ వీడియోల ఒక్కదాంట్లనే కాదు. వంటింట్ల, ఫోన్ల, మా అమ్మతోని. అందరి లెక్కనే నేను సుత అంట."

చివరి మాటదాకా ఆమె నా పెదవుల మీంచి కళ్లు తీయలేదు.